ఫ్రెషర్‌కి డైరెక్టర్ ప్యాకేజీ

కెనడా ఐస్ హాకీ అభిమానులు "ఎంతో అనుకుంటే ఇంతేనా" అని తలచుకునే పేరు అలెగ్జాండ్ర్ డేగ్. 1992-93లో 84 మ్యాచుల్లో పదే గెలిచిన ఒటావా సెనేటర్స్, 1993 డ్రాఫ్టులో అందరికన్నా ముందు ఇతన్ని ఎంచుకుంది. ఎన్‌హెచ్ఎల్‌లో ఒక్క మ్యాచైనా ఆడని పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఐదేళ్ళకి 1.225 కోట్ల డాలర్లు! మన లెక్కలో ఫ్రెషర్‌కి డైరెక్టర్ ప్యాకేజీ అన్నమాట.

రెండో పిక్ క్రిస్ ప్రోంగర్ 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. డేగ్‌ని మాత్రం ఒటావా 1998లోనే వేరే జట్టుకి పంపేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 616 మ్యాచులు, 129 గోల్స్ అంటే మరీ తీసిపారేసే ఆటేం కాదు. ఆ ధరకి సరిపోలేదు, అంతే. ధర కట్టిందెవరు? 1995లో లీగ్ కొత్తవాళ్ళ జీతాలకి పరిమితి పెట్టింది. రూలు మారింది జట్ల యజమానుల కోసం, చెడ్డపేరు మిగిలింది కుర్రాడికి.