కొత్త డిజైన్లు – పాత బాకీలు

మన సంఘం వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాసి ఇమ్మని పెద్దలు మమ్మల్ని కోరినప్పుడు, ఏ సుల్తాను గురించో, ఏ కోట గురించో రాస్తామని అనుకొని ఉంటారు. మేము బట్టల గురించి రాస్తున్నాము. అందులోనూ ఫ్యాషన్ బట్టల గురించి. "ఉర్దూ మీడియం సారుకు ఫ్యాషన్‌తో ఏం పని?" అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. మొన్నమొన్నటిదాకా మేమూ ఆ నవ్వేవాళ్ళలోనే ఉన్నాము. షోకు వేరు, చదువు వేరు అని తరగతిలో చెప్పినవాళ్ళమే.

మా అభిప్రాయం మారడానికి ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు కారణం. ఒకరోజు జ్యామితి పాఠానికి పనికి వస్తుందని ఒక పత్రికలోని రంగుల బొమ్మను తరగతికి తీసుకుపోయాము. ఎవరో పెద్ద డిజైనరు తయారుచేసిన పొడుగు కోటు అది. దాని మీద మెట్లు మెట్లుగా ఎక్కిదిగే డైమండు గళ్ళు. కింద ధర చూస్తే మా రెండు నెలల జీతం. కోణాలు లెక్కపెట్టమని పిల్లలకు చూపించామో లేదో, వెనక బెంచీ నుంచి ఆ పిల్లవాడు లేచి, "సర్, ఏ తో హమారే ఘర్ కా డిజైన్ హై!" అన్నాడు. అది మా ఇంటి డిజైనే అని. వాళ్ళ నాన్న మగ్గం మీద దరీలు నేస్తాడట. సాయంత్రం స్కూలు రిజిస్టరు తీసి చూశాము. తండ్రి వృత్తి అన్న గడిలో "లేబర్" అని ఉంది.

ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం దాని గురించే.

మనం ఉండేది ఎనుమాములలో. సీజన్ వచ్చిందంటే మార్కెట్ యార్డు నిండా తెల్లటి పత్తి, ఎర్రటి మిరప. ఇంత పత్తిని రోజూ కళ్ళతో చూస్తాము గానీ, ఈ నేల మీద పత్తి బట్టగా మారిన చరిత్ర మన పిల్లలకు తెలియదు. కాకతీయుల కాలంలోనే ఆంధ్ర తీరాన మోటుపల్లి గొప్ప రేవు. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాస్తూ, ఇక్కడి సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు. రాజులూ రాణులూ కట్టుకోదగ్గదని మెచ్చుకున్నాడు.

ఆ కాలపు వేషధారణ చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి పోవాలి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. అక్కడి నల్లరాతి మదనికల నగలు, నడుము పట్టీలు, జడల తీరు చూస్తే ఆనాటి శిల్పి బట్టలనూ ఎంత శ్రద్ధగా గమనించేవాడో తెలుస్తుంది. ఒక బొమ్మ కాలికి ఎత్తు మడమల చెప్పులున్నాయని గైడ్లు ప్రతివాళ్ళకూ వేలు పెట్టి చూపిస్తారు. విహారయాత్రకు పోయినప్పుడు మా పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ సేపు నిలబడింది దాని ముందరే.

ఇక మన వాళ్ళ హునర్‌కు వద్దాము. వరంగల్ కాలీనులు, షత్రంజీలు ఒకప్పుడు దేశదేశాల పేరు మోసినవి. దండయాత్రల కాలంలో సైన్యాల వెంట వచ్చి ఇక్కడే నిలిచిపోయిన పారశీక నేతగాళ్ళు ఈ విద్యను తెచ్చారని చెప్పుకుంటారు. పర్షియా పువ్వు, తీగ, జామితి గీత ఇక్కడి పత్తితో, ఇక్కడి రంగులతో కలిసి, చివరికి పర్షియాకూ చెందని, పూర్తిగా పాతదీ కాని దక్కనీ తీరుగా మారాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. ఆ ప్రదర్శనలో మన దేశపు బట్టల పనితనం చూసి ఇంగ్లండు కళాకారులు ఆశ్చర్యపోయారు. ఓవెన్ జోన్స్ అనే ఆయన 1856లో అచ్చువేసిన అలంకార కళల గ్రంథంలో భారతీయ నమూనాలకు ప్రత్యేకంగా చోటిచ్చి, తన దేశపు డిజైనర్లు వాటిని చూసి నేర్చుకోవాలన్నాడు.

కొందరు దీన్ని దొంగతనం అంటారు. మేము ఆ మాటకు ఒప్పుకోము. నమూనాలు ఎప్పుడూ ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. మచిలీపట్నం సంగతే చూడండి. కలంకారీ అన్న మాటే ఫారసీది. కలం అంటే మనకు తెలిసిందే, కారీ అంటే పని. గోల్కొండ సుల్తానుల రేవులో తెలుగు రంగరేజులు పారశీక గిరాకీకి తగినట్టు పువ్వులూ తీగలూ వేశారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. డచ్చివాళ్ళూ ఉన్నారు. ఐరోపా ఆడవాళ్ళు ఈ అద్దకం బట్టల మీద ఎంత మోజుపడ్డారంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టి, ఫ్రాన్సులో 1686లోనూ, ఇంగ్లండులో 1700లోనూ, మళ్ళీ మరింత గట్టిగా 1721లోనూ వాటిని నిషేధించే చట్టాలు తెచ్చుకున్నారు. అంటే పారశీకం నుంచి మనం తీసుకున్నాము, మన నుంచి ఐరోపా తీసుకుంది. తీసుకోవడంలో తప్పులేదు.

మష్రూ బట్ట ఇంకో ఉదాహరణ. మగవాళ్ళు అచ్చమైన పట్టు ఒంటికి తగలనివ్వరాదన్న నియమం మనకు ఉంది గదా. నేతగాడు ఒక ఉపాయం చేశాడు. పడుగు పట్టు, పేక నూలు. పట్టు మెరుపు బయటికి, నూలు ఒంటి వైపుకు వచ్చేటట్టు నేశాడు. మష్రూ అంటేనే అనుమతించబడినది అని అర్థం. నేడు డిజైనర్లు ఆ బట్టతో కోట్లు, లెహంగాలు కుడుతున్నారు. కుట్టనివ్వండి. అయితే ఆ మెరుపు వెనక ఒక మతనియమం, దానికి ఒక సాలె చెప్పిన జవాబు ఉన్నాయని కొన్నవాళ్ళకు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

మా అభ్యంతరం ఎక్కడ అంటే, పేరు చెప్పే దగ్గర. రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూద్దాము. 1965లో పారిస్ డిజైనరు ఈవ్ సాన్ లారెంట్ తెల్ల గౌన్ల మీద నల్ల గీతలు, ఎరుపు నీలం పసుపు గళ్ళు వేసి చూపించాడు. అవి మోండ్రియన్ అనే డచ్చి చిత్రకారుని పద్ధతి. ఆ గౌన్లకు లోకమంతా మోండ్రియన్ గౌన్లనే పేరు. అప్పు తీసుకున్నాడు, అప్పిచ్చినవాని పేరు నిలిచింది. అంతకు అరవై ఏళ్ళ లోపే అదే పారిస్‌లో పాల్ ప్వారే అనే ఇంకో డిజైనరు ఉండేవాడు. లండన్ మ్యూజియంలో మన దేశపు తలపాగాలు చూసి ముచ్చటపడి, తన మనిషిని పంపి నకళ్ళు చేయించుకున్నానని తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. 1911లో "వెయ్యిన్ని రెండవ రాత్రి" అని ఒక విందు చేసి, అతిథులందరినీ తూర్పు దేశాల వేషాల్లో రప్పించాడు. ఆ తలపాగాలు ఏ ఊరివి, ఏ పద్ధతిలో చుట్టినవి, ఎవరు చుట్టినవి? దేనికీ పేరు లేదు. అంతా కలిపి "తూర్పు" అనేశారు. చిత్రకారుడైతే మనిషి పేరు, నేతగాడైతే దిక్కు పేరు!

మన హైదరాబాదు ఇందుకు తిరగబడిన కథ. 1931లో ఏడవ నిజాం కొడుకులిద్దరికీ ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఉస్మానీ తుర్కుల రాజవంశపు ఆడపిల్లలతో పెండ్లిండ్లు జరిగాయి. పెద్దవాడు ఆజం జా. మన వరంగల్లో 1934లో మొదలై, తర్వాత మూతపడిన ఆజంజాహీ మిల్లు ఆయన పేరు మీదదే. చిన్నవాడు మొఅజ్జమ్ జా భార్య నీలోఫర్ ఇస్తాంబుల్లో పుట్టిన మనిషి. ఇక్కడికి వచ్చి చీర కట్టింది. ఆమె చీరల డిజైన్లు బొంబాయికి చెందిన మాధవదాసువి. ఆయన పేరు నేటికీ ఆమె పేరుతో కలిసే వినబడుతుంది. రాణిగారి చీరకు పనివాని పేరు అంటుకొని ఉండటం మాకు ఎంతో నచ్చిన సంగతి.

ఇప్పటి కాలానికి వద్దాము. హైదరాబాదు డిజైనరు గౌరాంగ్ షా జాందానీ నేతలో రవివర్మ చిత్రాలను చీర చెంగుల మీదికి ఎక్కించారు. 2018లో వచ్చిన "మహానటి" సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో పాటు జాతీయ అవార్డూ పొందారు. సావిత్రి కాలపు చీరలను పాత ఫోటోలు చూసి మళ్ళీ నేయించడం మామూలు పని కాదు. చరిత్ర పాఠం చెప్పే మాకు అది అసూయ పుట్టించే పని. ఒక సినిమా చూసి ఇంతమంది పాత నేత గురించి మాట్లాడుకున్నారంటే, మా ఇరవై ఏళ్ళ పాఠాలు చేయలేనిది అది చేసింది. ఒక్క లోటు మాత్రం మన చూపులోనే ఉంది. జాందానీలో ప్రతి పువ్వూ చేత్తో పోగు పోగూ ఎక్కించాలి. చూసేవాళ్ళము రవివర్మ పేరు చెప్తాము, డిజైనరు పేరు చెప్తాము, పోగు ఎక్కించిన చేతి పేరు అడగనే అడగము.

అడిగితే ఫలితం ఉంటుందని 2025 జూన్‌లో తేలింది. ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో చూపిన చెప్పులు అచ్చం కొల్హాపురి చెప్పులే. కొల్హాపురం పేరు మాత్రం ఎక్కడా లేదు. మన దేశంలో గొడవ లేచిన తర్వాత, ఆ చెప్పులకు మూలం భారతీయ చేతిపనే అని కంపెనీ ఒప్పుకుంది. అంతకు రెండేళ్ళ ముందు, 2023 మార్చిలో, ఫ్రెంచి కంపెనీ డియోర్ బొంబాయి గేట్‌వే ముందర ప్రదర్శన పెట్టినప్పుడు, ఆ కుట్టుపని బొంబాయిలోని చాణక్య కార్ఖానాదని చాటిచెప్పింది. పేరు చెప్పినందుకు డియోర్‌కు ఏమీ తరిగిపోలేదు.

మరి మన ఊరి సంగతి? కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పడుగు కనబడకుండా పేకతోనే రంగు నింపుతూ, రంగుకు రంగును కొక్కెం వేసినట్టు కలిపి, ఇనుప పంజాతో దట్టించి నేసే పని. అందుకే దరీకి రెండు వైపులా ఒకే అందం. పత్రికలోని ఆ కోటు డైమండు ఈ దరీ నుంచే పోయిందని మేము రుజువు చేయలేము. మెట్ల డైమండు ఎన్నో దేశాల్లో నేస్తారు. కానీ పిల్లవాడు దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఆ గుర్తింపు నిజమైనది.

కొన్ని డిజైన్ల మీద మా మనసులో ఒక నొప్పి కూడా ఉంది. వరుసగా మిహ్రాబులు నేసిన పాత జానమాజులను సఫ్ అంటారు. ఒక్కో మిహ్రాబు దగ్గర ఒక్కో మనిషి నిలబడతాడు. ధనికుడూ పేదవాడూ పక్కపక్కనే నిలబడేటందుకు నేసిన డిజైన్ అది. దాన్ని కాళ్ళు తుడుచుకునే పట్టా మీద అచ్చువేస్తే మాకు బాధ కలుగుతుంది. అదే కమాను ఒక షేర్వానీ అంచున అందంగా వస్తే మాకే అభ్యంతరమూ లేదు. డిజైనరు ముందు దాని అర్థం తెలుసుకొని తర్వాత కత్తెర పట్టుకోవాలి, మేము కోరేది ఇంతే.

కోపగించుకునే ముందు మన ఇంటిని మనం చూసుకోవాలి. తాతల నాటి షత్రంజీని చింపి మూటలు కట్టినవాళ్ళము మనమే. నాయనమ్మ ఖడా దుపట్టాను జరీ కోసం కాల్చి అమ్ముకున్నవాళ్ళము మనమే. మా ఇంట్లోనే అది జరిగింది. ఎవరినీ వేలెత్తి చూపే హక్కు మాకు లేదు.

అందుకని సంఘం ముందు మూడు మనవులు పెడుతున్నాము. మొదటిది, ఇంటింటా మిగిలిన పాత దరీలు, జానమాజులు, షేర్వానీలు, ఖడా దుపట్టాలు ఫోటో తీసి, నేసినవాళ్ళ పేరు తెలిస్తే పేరుతో సహా ఒక రిజిస్టరులో ఎక్కించాలి. రెండోది, భౌగోళిక గుర్తింపు చట్టం కింద నేతగాడు స్వయంగా అధీకృత వినియోగదారుడిగా నమోదు కావచ్చు. ఫారాలు నింపడం రాక ఆగిపోయినవాళ్ళకు మన చదువుకున్న యువకులు ఆదివారం పూట కూర్చొని నింపిపెట్టాలి. ముస్లిమా, పద్మశాలీయా అని అడగకుండా అందరికీ చేయాలి. మగ్గానికి ఆ తేడా తెలియదు. మూడోది, కూలి సంగతి. చెమట ఆరకముందే కూలి చేతికి అందాలన్న మాట చిన్నప్పటి నుంచి మన ఇళ్ళలో వింటున్నదే. పెండ్లికి, మస్జిదుకు దరీలు కొనేటప్పుడు బేరమాడే ముందు ఆ మాట ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

చివరగా ఆ పిల్లవాని సంగతి. తర్వాతి వారం వాళ్ళ నాన్నను తరగతికి పిలిచాము. భయపడుతూ వచ్చాడు, కొడుకు ఏదో తప్పు చేశాడనుకొని. పంజా చూపించమన్నాము. అర్ధగంట సేపు నల్లబల్ల మీద చుక్కలు పెట్టి, డైమండు ఎన్ని పోగులకు ఎక్కుతుందో, ఎన్ని పోగులకు దిగుతుందో పిల్లలకు లెక్క చెప్పాడు. మేము చెప్పిన జ్యామితి కన్నా అదే వాళ్ళకు బాగా ఎక్కింది. ఆయన వెళ్ళిన తర్వాత హెడ్‌మాస్టరు గారి అనుమతితో రిజిస్టరు తీసి, ఆ గడిలో "లేబర్" అన్న మాట కొట్టివేసి, ఎర్ర సిరాతో "దరీ నేత కళాకారుడు" అని రాశాము. పిల్లవాడు పక్కన నిలబడి, స్పెల్లింగు సరిగా ఉందా అని చూసుకున్నాడు.