ఆటబరిలో మన హెలికాప్టర్లు

కంప్యూటరు మీద ఆడే యుద్ధక్రీడలలో ‘వార్ థండర్’ అనేది ఒకటి. ట్యాంకులు, విమానాలు, నౌకలు అందులో తలపడతాయి. 2018 నుంచి హెలికాప్టర్లు కూడా చేరాయి. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క వంశవృక్షం ఉంటుంది. వేరు దగ్గర పాతకాలపు యంత్రం, కొమ్మ చివర నేటి యంత్రం. ఆడేవారు తమకు నచ్చిన యంత్రాలను చేర్చమని నిర్మాతలకు ప్రతిపాదనలు పంపుకోవడం పరిపాటి. భారతదేశపు హెలికాప్టర్లకు ఒక వరుస కట్టాలంటే ఎవరిని ముందు నిలపాలి, ఎవరిని చివర నిలపాలి అన్న ప్రశ్నను మా కొలిమిగుండ్ల కుర్రకారు నా ముందుంచారు. ఊరి పేరులోనే కొలిమీ గుండ్లూ ఉన్నచోట పిల్లలకు యుద్ధక్రీడల మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు పంతులును అడగవలసిన ప్రశ్న కాదు గానీ, చరిత్ర కనుక నాకూ కుతూహలం కలిగింది.

ముందుగా మాట సంగతి. ‘హెలికాప్టర్’ను అందరూ ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుస్తారు. అది తప్పుడు పదచ్ఛేదం. గ్రీకు భాషలో ‘హెలిక్స్’ అంటే మెలిక, సర్పిలం. ‘ప్టెరాన్’ అంటే రెక్క. కాబట్టి ‘హెలికో’, ‘ప్టెర్’ అని విడదీయాలి. 1861లో గుస్తావ్ ద పాంతోం దమెకూర్ అనే ఫ్రెంచివాడు ఈ సమాసాన్ని కట్టాడు. హెలిప్యాడు, హెలిపోర్టు మొదలైనవన్నీ ఆ తప్పు విరుపుకు పుట్టిన సంతానం. పదచ్ఛేదం చెడితే అర్థం చెడుతుందని బడిలో చెబుతూ వచ్చాము. ఇక్కడ ఛేదం చెడి కొత్త మాటలు పుట్టాయి, లోకం వాటిని హాయిగా వాడుకుంటోంది.

మామూలు విమానం ముందుకు పరుగెత్తితేనే దాని రెక్క గాలిని పట్టుకుని పైకి లేస్తుంది. హెలికాప్టరులో రెక్కే తిరుగుతుంది గనుక యంత్రం ఉన్నచోటనే ఉండి లేవగలదు, నిలవగలదు. పైరెక్క ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళంతా రెండవవైపు తిరగబోతుంది. దానిని ఆపడానికే తోకన చిన్న రెక్క. ఇంతవరకు తెలిసిన సంగతే. మన దేశానికి సంబంధించిన చిక్కు వేరొకటి ఉంది. పైకి పోయినకొద్దీ గాలి పలుచనవుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. మైదానంలో పదిమందిని మోసే యంత్రం హిమాలయం మీద ఇద్దరిని మోయడానికి ఆయాసపడుతుంది. మన సైనిక హెలికాప్టర్ల చరిత్రలో సగం ఈ పలుచని గాలితో పెట్టుకున్న పోరే. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఆటలోని పోరు నేలబారున, ట్యాంకుల మధ్య సాగుతుంది. మనవాటి అసలు గొప్పతనం కనబడవలసిన చోటు అది కాదు.

1954లో వాయుసేనకు తొలి హెలికాప్టర్లు వచ్చాయి. అవి అమెరికా దేశపు సికోర్‌స్కీ ఎస్-55లు. 1960 దశకపు తొలినాళ్ళలో సోవియట్ ఎం.ఐ.-4లు చేరాయి. 1962లో ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకుని అలూయెత్-3ను బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేయసాగారు. మొదటిది 1965లో వెలువడింది. దానికి రాణా ప్రతాపుని గుర్రం పేరు పెట్టారు, ‘చేతక్’ అని. పేరు పెట్టినవారెవరో గాని రసజ్ఞులు. గాయపడి కూడా ప్రభువును యుద్ధభూమి దాటించిన గుర్రం కథ అది. ఈ యంత్రం జీవితమంతా చేసిన పని కూడా గాయపడినవారిని దాటించడమే.

ఐతే ఆటలో చోటు కావాలంటే ఆయుధం ఉండాలి. చేతక్ ఆయుధం పట్టిన సందర్భం ఒకటి ఉంది. అది మన జెండా కింద కాదు. 1971లో బంగ్లాదేశ్ విమోచన యోధుల కోసం నాగాలాండులోని దిమాపూరులో ఒక చిన్న వైమానిక దళాన్ని తయారుచేశారు. దాని పేరు ‘కిలో ఫ్లైట్’. ఒక డకోటా, ఒక ఆటర్ విమానం, ఒక అలూయెత్ హెలికాప్టరు, అంతే ఆస్తి. ఆ హెలికాప్టరుకు రెండు పక్కలా రాకెట్టు గొట్టాలు బిగించారు. డిసెంబరు 3 రాత్రి అది నారాయణగంజ్ దగ్గరి గోద్నైల్ చమురు నిల్వల మీద దాడి చేసింది. నేను ప్రతిపాదన రాస్తే ఈ యంత్రంతోనే మొదలుపెడతాను. వరుసలో మొదటి మెట్టుకు తగినంత బలహీనమైనది, తగినంత చరిత్ర ఉన్నది.

అదే యుద్ధంలో మన హెలికాప్టర్లు చేసిన అతి పెద్ద కార్యం మాత్రం ఆటలోకి రాదు. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ నడిపిన నాలుగవ కోరు ఢాకా వైపు పోతుండగా దారికి మేఘనా నది అడ్డమైంది. ఆశుగంజ్ వంతెనను పాకిస్తాను సైన్యం వెనక్కు పోతూ కూల్చివేసింది. అప్పుడు పట్టుమని పదిహేను కూడా లేని ఎం.ఐ.-4లతో డిసెంబరు 9 నుంచి సైన్యాన్ని ఆవలి గట్టుకు చేరవేశారు. వాయుసేన తరఫున గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ దగ్గరుండి ఆ పని నడిపించాడు. రాత్రులు కూడా ఆ రాకపోకలు ఆగలేదు. వారం తిరగగానే, డిసెంబరు 16న ఢాకా లొంగిపోయింది. ఒక యుద్ధపు గతిని మార్చిన యంత్రానికి ఆటలో సున్నా మార్కులు, ఎందుకంటే అది ఎవరినీ కాల్చలేదు, మనుషులను ఏరు దాటించింది.

చీతా సంగతీ అంతే. అది ఫ్రెంచి ‘లామా’కు మన దేశపు రూపం. చేతక్ ఇంజనూ రెక్కలూ తీసి తేలికైన ఒంటికి తగిలిస్తే వచ్చినది. 1972 జూన్ 21న జాఁ బూలే అనే పైలటు లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయాడు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం సియాచిన్ ఎక్కింది మొదలు, మంచుమీది చిన్న చిన్న స్థావరాలకు కిరసనాయిలు, రొట్టె, ఉత్తరాలు తీసుకుపోయినవి, రోగులను కిందికి తెచ్చినవి చీతాలే. తుపాకీ, రాకెట్లు తగిలించిన చీతాకు ‘లాన్సర్’ అని పేరు. దానిని రెండవ మెట్టున నిలపవచ్చు. అసలు చీతాను నిలపలేము.

నిజమైన దాడి హెలికాప్టరు మనకు 1984లో వచ్చింది. అది సోవియట్ ఎం.ఐ.-25. ముక్కున తుపాకీ, రెక్కల కింద రాకెట్లు, క్షిపణులు, కడుపులో ఎనిమిదిమంది సైనికులకు చోటు. ఆరేళ్ళ తరువాత దాని తమ్ముడు ఎం.ఐ.-35 వచ్చింది. ఈ ఎం.ఐ.-25లు శ్రీలంకలో శాంతిసేనతో పనిచేశాయి. శ్రీలంక అనగానే జాఫ్నా విశ్వవిద్యాలయం తలపుకు రాక మానదు. 1987 అక్టోబరు 11 రాత్రి ఎం.ఐ.-8లు అక్కడి మైదానంలో సైనికులను దింపాయి. శత్రువుకు ముందే కబురు తెలిసిపోయింది. తూటాల వానలో యంత్రాలు దెబ్బతిని తరువాతి విడతలు ఆగిపోయాయి. దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జట్టులోని ముప్పైమందిలో ఒక్కడు మిగిలాడు, అదీ బందీగా. రవాణా హెలికాప్టరును యుద్ధం మధ్యకు పంపితే ఏమవుతుందో ఆ రాత్రి చెప్పింది.

కార్గిల్ మరొకసారి చెప్పింది. 1999 మే 28న తోలోలింగ్ మీద రాకెట్లు వేయడానికి ఎం.ఐ.-17లు వెళ్ళాయి. అవి కూడా పుట్టుకతో రవాణా యంత్రాలే. ఒకదానిని స్టింగర్ క్షిపణి కూల్చింది. ఈ క్షిపణి ఇంజను వేడిని వాసన పట్టి వస్తుంది. దానిని దారి మళ్ళించడానికి మంటలు చిమ్మే సాధనం ఉంటుంది, ఆటలో పిల్లలు ‘ఫ్లేర్’ అని ఒక మీట నొక్కేది దానికోసమే. ఆనాడు కూలిన యంత్రానికి ఆ సాధనం అమర్చిలేదు. అందులో నలుగురున్నారు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జంట్ ఆర్.కె. సాహు, సార్జంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్. ఆ చివరి పేరును, దాని ముందున్న అన్ని పొడి అక్షరాలనూ చదివినప్పుడు తెలుగువాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆటలో హెలికాప్టరు కూలితే ఇంకొకటి ఎక్కుతారు. సిబ్బంది పేర్లు ఎవరూ అడగరు. ప్రతిపాదనలో ‘చరిత్ర’ అని ఒక భాగం రాయవలసి ఉంటుందట. ఎం.ఐ.-17 ఎదుట ఈ నాలుగు పేర్లూ రాయకపోతే ఆ భాగానికి అర్థం లేదని కుర్రవాళ్ళకు చెప్పాను.

ఆ సంఘటన తరువాత ఎం.ఐ.-17లను దాడి పని నుంచి తప్పించారు. ఎం.ఐ.-35లా, ఆ ఎత్తున బరువుతో పనిచేయలేవు. కొండల మీద పోరాడగల స్వదేశీ యంత్రం కావాలన్న పట్టుదల అక్కడ బిగిసింది.

అప్పటికి ‘ధ్రువ్’ ఎగురుతోంది. దాని తొలి విహారం 1992 ఆగస్టు 20న. సేనలలో చేరడం 2002లో. పేరు ఎంత చక్కనిదో చూడండి. ఆకాశంలో కదలకుండా నిలిచేది ధ్రువ నక్షత్రం. ఆకాశంలో కదలకుండా నిలవడమే హెలికాప్టరు విద్య. యంత్రానికి మాత్రం పేరంత నిశ్చలమైన జాతకం పట్టలేదు. ఈక్వడార్ దేశం ఏడు కొని, నాలుగు కూలిపోగా 2015లో ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. 2025 జనవరి 5న పోరుబందరులో తీరరక్షక దళపు ధ్రువ్ కూలిన మీదట దేశంలోని ధ్రువ్‌లన్నిటినీ నేలకు దింపి కూర్చోబెట్టారు. సైన్యం, వాయుసేనల వాటికి మళ్ళీ ఎగరడానికి అనుమతి వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి. స్వదేశాభిమానంతో ఈ సంగతులు దాచడం నాకు ఇష్టం లేదు. దాచిన ప్రతిపాదన ప్రకటన అవుతుంది, చరిత్ర కాదు.

ధ్రువ్‌కు ఆయుధాలు తొడిగితే ‘రుద్ర’. 2007లో ఎగిరి, 2013లో సైన్యానికి అందింది. ముక్కున 20 మిల్లీమీటర్ల ఫ్రెంచి తుపాకీ, పైలటు తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పక్కన 70 మిల్లీమీటర్ల రాకెట్లు. లోటల్లా ట్యాంకును పగులగొట్టే క్షిపణి. ఏళ్ళ తరబడి రుద్రకు అది లేదు. ఆటలో ఇది పెద్ద లోపమే. దాని కోసం హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాల ‘నాగ్’ క్షిపణిని హెలికాప్టరుకు తగినట్లు మలచి ‘హెలినా’ను సిద్ధం చేసింది. హెలికాప్టరులోని ‘హెలి’, నాగ్‌లోని ‘నా’ కలిపారు. ఇదిగో, మళ్ళీ ఆ తప్పు విరుపే! 2022 ఏప్రిల్‌లో పోఖ్రాన్‌లోనూ, మర్నాడు లద్దాఖ్ ఎత్తుల మీదనూ ధ్రువ్ నుంచి దానిని ప్రయోగించి చూశారు. వాయుసేన రూపానికి ‘ధ్రువాస్త్ర’ అని పేరు.

వరుస చివర నిలవవలసింది ‘ప్రచండ్’. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరింది. కార్గిల్ పాఠానికి జవాబుగా పుట్టినది. ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు గనుక ఒళ్ళు సన్నం, బరువు 5.8 టన్నులకు మించదు. సియాచిన్‌లో దిగిన తొలి దాడి హెలికాప్టరు ఇదే. 2022 అక్టోబరు 3న జోధ్‌పూరులో వాయుసేనలో చేరింది. 2025 మార్చి 28న 156 ప్రచండ్‌ల కోసం 62,700 కోట్ల రూపాయల ఒప్పందాలు కుదిరాయి. వాయుసేనకు 66, సైన్యానికి 90. ఆటలో దీనికి న్యాయం జరగదని నా అనుమానం. ఐదువేల మీటర్ల మంచు మీద ఊపిరి పీల్చగలగడం దాని గొప్ప. సమతలపు ఎడారిలో అమెరికా అపాచీ ఎదుట నిలబెడితే అది పలుచని కవచమున్న చిన్న యంత్రంగానే కనబడుతుంది.

అపాచీ మనకూ ఉంది. 2019 సెప్టెంబరు 3న పఠాన్‌కోటలో మొదటి ఎనిమిది వాయుసేనలో చేరాయి. మొత్తం ఇరవైరెండు. సైన్యం కోసం మరి ఆరింటికి 2020లో ఒప్పందమైంది. వాటిలో మొదటి మూడు 2025 జూలైలో వచ్చాయి. పరాయి యంత్రమని తోసిపుచ్చడానికి లేదు. హైదరాబాదు పొలిమేరలోని ఆదిభట్లలో టాటా, బోయింగు వారి కర్మాగారం 2018 నుంచి అపాచీ ఒళ్ళు తయారుచేస్తోంది. లోకంలో ఏ దేశపు జెండాతో ఎగిరే కొత్త అపాచీ ఐనా తెలుగు నేల మీద రూపుకట్టిన దేహంతో ఎగురుతూ ఉండవచ్చు. పిల్లలకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఇదే.

మా నంద్యాల ప్రాంతానికి మాత్రం హెలికాప్టరు అంటే 2009. ఆ ఏడు సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమల మీద కనబడకుండా పోయింది. రాత్రంతా అడవి వెదికారు. సుఖోయ్ విమానాలు రాడారుతో గాలించాయి. మర్నాటి ఉదయం రుద్రకొండ దగ్గర పావురాలగుట్ట మీద శకలాలను కనిపెట్టినది వాయుసేన హెలికాప్టరే. ఐదుగురిలో ఎవరూ మిగలలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, వరద కర్నూలు నగరంలోకి వచ్చింది. మళ్ళీ వాయుసేన హెలికాప్టర్లే వచ్చి మిద్దెల మీద చిక్కుకున్నవారిని ఎత్తుకున్నాయి, పొట్లాలు జారవిడిచాయి. ఈ జిల్లాలో నడివయసు దాటినవారిని హెలికాప్టరు చప్పుడు గురించి అడిగి చూడండి. ఎవరూ తుపాకీ మాట ఎత్తరు.

నౌకాదళపు కొమ్మ ఒకటి మిగిలింది. సీకింగ్ 42-బి ఓడలను ముంచే సీ ఈగిల్ క్షిపణిని మోసింది. దానికి చోటు దొరుకుతుంది. విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరం నుంచి ఎగిరిన యు.హెచ్.-3హెచ్‌కు దొరకదు. 2007లో జలాశ్వ నౌకతోపాటు అమెరికా నుంచి వచ్చినవి ఇవి. పని అంతా వెదకడం, ఎత్తుకు రావడం, సరుకు చేర్చడం. 2024 జూన్ 28న డేగాలోనే వాటికి విరమణ ఇచ్చి, ఒకదానిని విశాఖలోనే ప్రజలకు చూపడానికి ఉంచుతామన్నారు. కుర్రవాళ్ళు దానిని జాబితాలోంచి కొట్టివేశారు. చేతక్ పేరును మాత్రం పైన, నేను చెప్పినచోటనే, 1971 అన్న అంకెతో సహా ఉంచారు.