సమ్మతి లేకుండా ఆంతరంగిక చిత్రాల ప్రచారం: చట్ట నిబంధనలు, తక్షణ చర్యలు

ఒక వ్యక్తి ఆంతరంగిక చిత్రాలను, వీడియోలను ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఇంటర్నెట్‌లో ఉంచడం, ఇతరులకు పంపడం శిక్షార్హమైన నేరం. ఫొటో తీయడానికి ఇచ్చిన సమ్మతి, దానిని ఇతరులకు పంపడానికి ఇచ్చిన సమ్మతి కాజాలదు. అధికారులకు, పాత్రికేయులకు ఉపకరించే ముఖ్యాంశాలు ఈ దిగువ ఇవ్వడమైనది.

చట్ట నిబంధనలు

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ ఈ సూత్రాన్ని స్పష్టంగా పేర్కొంటున్నది. చిత్రీకరణకు సమ్మతించిన స్త్రీ, ఆ చిత్రాలు ఇతరులకు చేరడానికి సమ్మతించని పక్షంలో వాటిని పంపడం నేరమే. తొలి నేరానికి 1 సంవత్సరానికి తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66-ఇ, 67-ఎ సెక్షన్లు స్త్రీ పురుష భేదం లేకుండా వర్తిస్తాయి. 67-ఎ కింద తొలి నేరానికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, రూ.10 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. 2018లో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ న్యాయస్థానం ఇటువంటి కేసులో దోషికి 5 సంవత్సరాల జైలుశిక్ష విధించింది.

చిత్రాల తొలగింపు

బాధితులు గాని, వారి తరఫున మరొకరు గాని సంబంధిత సామాజిక మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. 2021 నాటి నిబంధనలు తొలగింపునకు 24 గంటల గడువు నిర్దేశించగా, 2026 సవరణలతో అది మరింత తగ్గింది. మార్ఫింగ్ చిత్రాలకూ ఇది వర్తిస్తుంది. తొలగింపునకు ముందే లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం, బెదిరింపు సందేశాలు భద్రపరచుకోవాలి. బాధితులు 18 సంవత్సరాల లోపువారైతే చిత్రాలను సేకరించడం, దాచడం కూడా నేరం కాగలదు. వెంటనే పోలీసులకు తెలియజేయాలి.

అధికారుల బాధ్యత

నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు స్వీకరించవలసి ఉంది. 77వ సెక్షన్ కింద బాధితురాలు ఇచ్చే సమాచారాన్ని మహిళా అధికారి నమోదు చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ద్వారా, 1930 నంబరు ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు. మహిళలు, బాలలపై నేరాలకు సంబంధించి పేరు వెల్లడించకుండా ఫిర్యాదు చేసే సౌకర్యం పోర్టల్‌లో ఉంది. "ఫొటో ఎందుకు తీయించుకున్నారు?" వంటి ప్రశ్నలు బాధితులను వెనుదిరిగేలా చేస్తాయి; ఆ జాప్యంలో చిత్రాలు మరింత మందికి చేరుతాయి.

పాత్రికేయులకు సూచన

బాధితుల పేరు, ఊరు, చదువుతున్న సంస్థ, కుటుంబ వివరాలు, చిత్రాలు ఉన్న వెబ్‌సైటు పేరు వార్తలో ఇవ్వరాదు. ముఖం మసకపరచినప్పటికీ ఆ చిత్రాలను ప్రచురించరాదు. లైంగిక నేరాలకు గురైన బాలల గుర్తింపును వెల్లడించడం పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదు చేసే మార్గాన్ని, 1930 నంబరును వార్తతో పాటు ప్రచురించవలసిందిగా కోరడమైనది.