యూనియన్ పర్చేజ్ అంటే కొనుగోలు కాదు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు కొంత సందేహించాను. సరూర్‌నగర్ చెరువు తప్ప వేరే నీరు కనబడని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు ఓడల సంగతి ఎందుకు అనిపించింది. అయినా ముప్ఫై ఆరేళ్ళ గుమాస్తా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటె ఎక్కువ బాధపెట్టిన మాట ఓడలకు సంబంధించినదే కనుక దానినే ఎంచుకున్నాను. ఆ మాట ‘యూనియన్ పర్చేజ్’.

ముందుగా కాకినాడ రేవు గురించి నాలుగు మాటలు. విశాఖపట్నం రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ప్రవేశించింది. అక్కడ ఓడలు గట్టును ఆనుకొని నిలుస్తాయి. కాకినాడలో 1997లో లోతు నీటి రేవు వచ్చేవరకు పెద్ద ఓడలకు ఆ వసతి లేదు. గోదావరి తెచ్చిన ఒండ్రు వలన తీరం దగ్గర లోతు తక్కువ. అందుచేత ఓడలు దూరాన లంగరు వేసేవి. సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అడ్డు ఉండడంతో అలల తాకిడి ఉండేది కాదు. సరుకు బార్జీలలోకి దించుకొని కాలువ దాకా తెచ్చేవారు. గట్టు లేదు గనుక గట్టుమీది క్రేనూ లేదు. ఓడ మీది డెరిక్కే దిక్కు.

డెరిక్ అనే మాట పుట్టుక చిత్రమైనది. 1600 ప్రాంతంలో లండన్ నగరపు టైబర్న్‌లో డెరిక్ అనే తలారి ఉండేవాడు. అతని పేరు మొదట ఉరికొయ్యకు వచ్చింది, తరువాత ఓడమీద బరువులెత్తే కొయ్యకు వచ్చింది. క్రేన్ అనేది కొంగను పోలిన ఒక పక్షి పేరు. పక్షి పేరు పెట్టుకున్నది తనంతట తాను తిరుగుతుంది. తలారి పేరు పెట్టుకున్నదాన్ని చెరో పక్కనుంచి తాళ్ళతో లాగి తిప్పాలి. అలా ప్రతిసారీ తిప్పుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. కనుక నావికులు ఒక ఉపాయం చేశారు. రెండు డెరిక్కులను కదలకుండా బిగించి, ఒకదాని కొసను ఓడ గోదాము మీదికి, రెండవదాని కొసను ఓడ పక్కకు, అంటే బార్జీ మీదికి ఉంచుతారు. రెండింటి ఇనుప తాళ్ళనూ ఒకే కొక్కేనికి కలుపుతారు. మొదటి తాడు సరుకును పైకెత్తుతుంది, రెండవది పక్కకు లాక్కుంటుంది, మొదటిది వదులుతుంది. ఇదే యూనియన్ పర్చేజ్. యూనియన్ అంటే రెంటినీ జత చేయడం. పర్చేజ్ అంటే నావికుల భాషలో తాడూ కప్పీలతో బరువు మీద సంపాదించే పట్టు. అంగడికీ దీనికీ సంబంధం లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇద్దరు మనుషులు నీళ్ళ గంగాళాన్ని చెరో తాడూ పట్టి మోస్తున్నారనుకోండి. దగ్గరగా నడిస్తే చెరిసగం బరువు. ఎడంగా జరిగేకొద్దీ ఇద్దరి చేతులూ పీకుతాయి. తాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కొక్కరి మీద గంగాళం మొత్తం బరువంత లాగుడు పడుతుంది. డెరిక్కుల జతకూ అంతే. కొయ్య మొదట్లో ‘ఎస్.డబ్ల్యు.ఎల్. 5 టన్నులు’ అని రాసి ఉంటే, అంటే సురక్షితంగా ఎత్తదగిన బరువు 5 టన్నులంటే, అది ఒంటి డెరిక్కు లెక్క. జత కట్టినప్పుడు అనుమతించే బరువు దానిలో సగానికి కూడా రాకపోవచ్చు. ఇద్దరు మోస్తే ఎక్కువ మోయవచ్చునని మనబోటివారం అనుకుంటాము. అక్కడ లెక్క తిరగబడుతుంది.

1978లో నేను ఆ తీరాన ఒక కార్యాలయంలో గుమాస్తాను. పేరు అనవసరం. ఒక ఓడ నుంచి చెక్కపెట్టె దించుతుండగా తాడు తెగి, బార్జీలో ఉన్న కళాసీ కాలు నలిగిపోయింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం కింద మా నివేదిక కావలసి వచ్చింది. ప్రమాద పత్రంలో ‘డెరిక్కులు యూనియన్ పర్చేజ్‌లో ఉన్నవి’ అని ఒక వాక్యం. నాకు తెలిసిన పర్చేజ్ ఒక్కటే. కార్మిక సంఘం వారు కొన్న సామాను కాబోలనుకొని, ‘కొనుగోలు వివరములు తెలుపగలరు’ అని రాసి ఫైలును స్టోర్సు సెక్షనుకు పంపాను. వారు మూడు నెలలు ఉంచుకొని ‘మా వద్ద అట్టి కొనుగోలు లేదు’ అని తిప్పి పంపారు. అంతటితో ఆగానా? పెట్టె బరువు రెండు ముప్పాతిక టన్నులు, డెరిక్కు మీద 5 అని ఉన్నది, కావున పరికరములో లోపము లేదు, కార్మికుని అజాగ్రత్తయే కారణము అని నోటు పెట్టాను. చక్కటి దస్తూరీ. పై అధికారి సంతకం కూడా అయింది.

టప్పా వెళ్ళే ముందురోజు ఒక ముసలి సరంగు వేరే పని మీద వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. మాటల్లో ఈ సంగతి వచ్చింది. “ఆ అయిదు ఒంటిదానికండి బాబుగారూ. ఆ రోజు జత కట్టారండి. జతకి రెండు టన్నులు దాటి ఎత్తకూడదండి. పెట్టెని మరీ పైకి లేపేశారండి, తాళ్ళు బారజాపుకున్నాయండి” అన్నాడు. నా బల్లమీది ఊలు దారాలతోనే కొక్కెం కట్టి చూపించాడు. నాకు చెమట పట్టింది. సంతకమైన నోటును వెనక్కి తీసుకోవడం గుమాస్తాకు ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. చీవాట్లు తిన్నాను, అనుబంధ నోటు పెట్టాను, సరంగు వాఙ్మూలం జతచేశాను. పరిహారం మంజూరయింది. కాని ప్రమాదం జరిగిన పదకొండు నెలలకు. ఈలోగా ఆ కళాసీ పెద్దకొడుకు బడి మానేసి అదే బార్జీల పనిలో చేరాడు. డబ్బు అందిన రోజు సంతకానికి తండ్రిని భుజం పట్టి తీసుకొచ్చినది ఆ కుర్రవాడే. ఆ మూడు నెలలూ నావే.

ఇప్పుడు చాలా ఓడల మీద డెరిక్కులు పోయి, తిరిగే క్రేన్లు వచ్చాయి. డెరిక్ అనే మాట మాత్రం గోదావరి జిల్లాల్లో చమురు బావుల మీది ఇనుప గోపురాలకు మిగిలింది. మన పేటల్లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో (అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది) నేను ప్రతి యంత్రాన్నీ డెరిక్ అంటుంటే మా మనవడు నవ్వేవాడు. 2022లో కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ స్థలాన ఆసుపత్రికి శంకుస్థాపన అయిన తరువాత అక్కడ టవర్ క్రేన్లు లేచాయి. ఒక సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. క్రేను చేయి పొడవునా బోర్డులు కట్టి ఉన్నాయి. మొదట్లో ఎక్కువ టన్నులు, కొసకు పోయేకొద్దీ తక్కువ టన్నులు. నా కళ్ళద్దాలకు అంత ఎత్తు అందలేదు. వాడే ఒక్కొక్క అంకె చదివి చెప్పాడు.