వీరుని బొమ్మ – వ్రాసినవాని పేరు



ఇద్దరు బాలురు చిత్రకథలలోని వీరులను గూర్చి వాదించుకొనుచుండగా మీరు వినియే యుందురు. ఆకాశమున నెగురువాడు గొప్పవాడని యొకడు, గోడలు ప్రాకువాడు గొప్పవాడని యొకడు పట్టుపట్టుదురు. ఆ వాదము కొంతదూరము నడచిన పిమ్మట వీరుని విడిచి, వాని బొమ్మ వ్రాసిన చిత్రకారుని మీదికి మరలును. ఈతడు వ్రాసినట్లు ఆతడు వ్రాయలేడని, ఆతని గీతలోని బిగువు ఈతనికి లేదని చర్చ సాగును. పెద్దలు దీనిని ప్రొద్దుపుచ్చుట యని త్రోసివేయుదురు. ఈ వాదమునకు చరిత్రలో నొక పని కలదనియు, కళాజీవుల పేరును బ్రదికించుటయే ఆ పని యనియు నేడు మీకు మనవి చేయదలచితిని.

చిత్రములను పోల్చి చూచుట మనకు క్రొత్త గాదు. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున చిత్రసూత్రమను భాగము కలదు. చూపరులందరును బొమ్మలో నొక్కదానినే చూడరని ఆ శాస్త్రకారు డెరుగును. గీతను మెచ్చువారు వేరు, రంగునకు మురియువారు వేరు అని ఆతని మతము. తిక్కన గొప్పయా, పోతన గొప్పయా యని పండితులు తర్కించుట సాహిత్య విమర్శ యైనచో, బాలురు బొమ్మలను తర్కించుట చిత్రవిమర్శకు ఓనమాలు గాక మరేమి?

మన తెలంగాణమున వీరకథలకు బొమ్మలు తోడగుట అచ్చుయంత్రము రాకమునుపే కలదు. చేర్యాల మొదలగు చోట్ల నకాశీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలియు సుద్దయు పూసి, ఎర్రని నేలపై పురాణగాథలను వరుసగా వ్రాసెడివారు. గజము వెడల్పు, పదుల అడుగుల నిడివి గల ఆ పటమును విప్పుచు కథకులు కథ చెప్పెడివారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను వినిపించెడివారు. కథ పేరు నిలిచినది; కథకుల పేరు నిలిచినది; పటము వ్రాసిన చేతులలో పెక్కింటి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

అచ్చుపుస్తకము వచ్చిన తరువాత స్థితి మారెను. ఆ మార్పులో మన నడిగూడెమునకు పాలు కలదు. నాడు మునగాల పరగణా నైజాము రాజ్యము నడుమ దీవివలె నుండి, కృష్ణా మండలమునకు చేరియుండెను. దాని ఏలికలకు నడిగూడెము నివాసము. ఇచ్చటి రాజా నాయని వెంకటరంగారావు బహద్దరుగారును, వారి కొలువున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారితో గూడి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టెను. 1907లో ఆ మండలి వెలువరించిన తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. వీరుడన్నచో పురాణపురుషుడే కానక్కరలేదని, కట్టెలు కొట్టి పెరిగినవాడును కావచ్చునని తెలుగు చదువరులు దానివలన నెరిగిరి. వ్రాసినవారెవరో కూడ వారికి తెలిసెను. గ్రంథకర్తకు పేరు దక్కినది.

ఇంక 1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణిగారలు ప్రారంభించిన చందమామ కడకు రండు. ఇచ్చట నొక వింత జరిగెను. 1954లో తోకచుక్క మొదలుకొని, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు మున్నగు ధారావాహికలను ఏండ్ల తరబడి నడిపినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన పేరు ఆ పుటలలో నుండెడిది కాదు. బొమ్మ మూలను మాత్రము చిత్రా యనియో, శంకర్ అనియో చిన్న సంతక ముండెడిది. కథ చదివిన బాలునకు దొరకిన పేరు అదియే. కనుక వాదము రచయితను విడిచి చిత్రకారుని పట్టుకొనెను.

చిత్రా యనగా టి. వి. రాఘవన్ గారు. కళాశాలలో చిత్రలేఖనము నేర్చినవారు కారు. స్వయంకృషి వారికి గురువు. శంకర్ అనగా కె. సి. శివశంకరన్ గారు. మద్రాసు ప్రభుత్వ కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించి, 1952లో చందమామలో చేరిరి. చిత్రాగారి పక్షమువారు మాంత్రికుని గడ్డమును, వంకర చేతికఱ్ఱను, గుహాముఖములను, ఏ అడవిలోను లేని జంతువులను చూపి, వింతయన్న నిది గదా యనెడివారు. శంకర్ గారి పక్షమువారు రథములను, రాజసభలను, అవయవముల పొందికను చూపెడివారు. శవమును భుజమున వేసికొని, కత్తి చేబూని శ్మశానమున నడచు విక్రమార్కుని బొమ్మ వారికి బ్రహ్మాస్త్రము. అలంకారశాస్త్రపు మాటలలో చెప్పవలెనన్న, మొదటివారు అద్భుతమును, రెండవవారు వీరరసమును కోరిరి. రంగులకు మురియువారికి ముఖచిత్రముల వడ్డాది పాపయ్యగారు కలరు. చిత్రసూత్రము చెప్పిన రుచిభేద మంతయు ఒక్క పిల్లల పత్రిక చుట్టును ప్రత్యక్ష మయ్యెను.

బడిలో నేనెరిగిన బాలురు కొందరు వ్యాసము వ్రాయుమన్న నాలుగు వాక్యములకు తడుముకొనెడివారు. వారే తమకు నచ్చిన బొమ్మను సమర్థింపుమన్నచో సాక్ష్యములతో మాటలాడెడివారు. సంతకమును వ్రేలితో మూసి చూపినను, గీతనుబట్టి పేరు చెప్పెడివారు. కంటికి ఇంతకన్న మంచి చదువు వేరొకటి కలదా?

పేరునకు గల విలువ తెలియవలెనన్న అమెరికా దేశపు వృత్తాంతము వినవలెను. ఆకాశమున నెగురు సూపర్‌మాన్ 1938లో అచ్చులోని కెక్కెను. కథ కల్పించినవాడు జెర్రీ సీగెల్, బొమ్మలు వ్రాసినవాడు జో షుస్టర్. ఆ వీరునిపై సర్వహక్కులను వారు 130 డాలర్లకు ఇచ్చివేసిరి. 1947లో ఆ హక్కులకై వ్యాజ్యమాడగా, ఆ పిమ్మట కథలపైనుండి వారి పేర్లే తొలగిపోయినవి. వీరుడు మాత్రము కోట్లు గడించుచునే యుండెను. 1975లో తోడి చిత్రకారులును పత్రికలవారును గొంతెత్తిన పిదప, ప్రకాశకులు ఆ ఇద్దరికి వార్షిక భరణ మిచ్చుటకును, వారి పేర్లను మరల అచ్చువేయుటకును సమ్మతించిరి. ఆ దేశముననే గోడలు ప్రాకు స్పైడర్‌మాన్ బొమ్మలను 1962 నుండి స్టీవ్ డిట్కో వ్రాసెను. 1966లో ఆయన తప్పుకొనగా జాన్ రొమీటా వచ్చెను. డిట్కో బొమ్మలోని బక్కచిక్కి బెంగటిల్లిన బాలుడు, రొమీటా చేతిలో అందగాడయ్యెను. పేరు ఒకటే, దుస్తు లొకటే, మనిషి మాత్రము వేరు. కథలోని వీరునికి ముఖమిచ్చువాడు చిత్రకారుడని ఇంతకన్న వేరు నిదర్శన మేల?

వాదమునకు దోషము లేకపోలేదు. పేరు కనబడనివానిని అది మరచును. చిత్రా, శంకర్ గారల గూర్చి తగవులాడిన తరము, తాము నిద్రమాని చదివిన కథల కర్త నెరుగకయే పెరిగెను. అయినను ఆ పాఠకులే పెద్దవారైన పిదప పాత సంచికలను వెదకి, కథ లెవరివని విచారించి, దాసరివారి పేరును వెలికి తెచ్చిరి. ఆయన 2010లో గతించిరి. తరువాతి కాలమున ఆ ధారావాహికలు ఆయన పేరుతో పుస్తకములుగ వెలువడినవి. శంకర్ గారు 2020లో గతింపగా, 2021లో వారికి పద్మశ్రీ ప్రకటింపబడెను. 1978లో గతించిన చిత్రాగారికి బిరుదులు లేవు. ఆయన గీతను గుర్తుపట్టు కన్నులు కలవు.

చందమామ నేడు వెలువడుట లేదు. దాని పాత ప్రతులు మన యిండ్ల అటకలపై చెదలకు ఆహారమగుచున్నవి. ఒక్కటి దొరకినను దుమ్ము దులిపి, బొమ్మ మూలనున్న సంతకమును పిల్లలకు చూపుడు. చేర్యాల పటము కొనునపుడు వ్రాసినవాని పేరడిగి వెనుక వ్రాయించుకొనుడు. పిల్లలు ఏ చిత్రకారుడు గొప్పయని వాదులాడినచో అడ్డుపడక, ఎందువలన అని మాత్రము ప్రశ్నింపుడు. కృష్ణదేవరాయల పేర గ్రంథాలయమును నిలిపిన సీమవారము; పుస్తకమును దాచుట మనకు తెలియును. పుస్తకమునకు ప్రాణమిచ్చిన చేతుల పేరును దాచుట కూడ మన విధియే యని విన్నవించి, సెలవు గైకొనుచున్నాను.