తగవు – హక్కు: మోటుపల్లి శాసనాలు, మితాక్షర సంప్రదాయం ఆధారంగా న్యాయభావన పరిశీలన

1. ప్రవేశిక

న్యాయం అనే భావాన్ని చెప్పడానికి ప్రాచీన తెలుగులో 'పాడి', 'తగవు' అనే దేశ్యపదాలు ఉన్నాయి. 'తగు' అనే ధాతువు నుంచి ఏర్పడిన 'తగవు' అంటే తగినది, ఉచితమైనది. న్యాయం తప్పని వాడిని, తీర్పు చెప్పేవాడిని 'తగవరి' అన్నారు. నేటి వ్యవహారంలో 'తగవు' అంటే జగడం, వివాదం. న్యాయవాచకమైన పదమే వివాదవాచకంగా కూడా స్థిరపడడం భాషాచరిత్రలో ఒక చిన్న విశేషం. ఈ రెండర్థాల మధ్య ఉన్న సంబంధం న్యాయభావన చరిత్రను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

తగవు పడే శక్తి లేనివారి సొత్తు ఎవరికి చెందాలి? ఓడ పగిలి సరుకు పోగొట్టుకున్న పరదేశి వర్తకుడు, కొడుకులు లేకుండా మరణించినవాని భార్య, తండ్రి ఆస్తిలో పాలు అడగలేని కూతురు ఇటువంటివారు. ఈ ముగ్గురి విషయంలో శాస్త్రం ఏమి చెప్పింది, పాలకుల ఆచరణ ఎలా ఉంది, చట్టం ఏ మార్పు తెచ్చింది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మోటుపల్లి అభయశాసనం

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి మధ్యయుగాలలో తూర్పు తీరపు ప్రధాన రేవులలో ఒకటి. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45 ప్రాంతంలో సముద్రవర్తకులకు అభయమిస్తూ అక్కడ శాసనం వేయించాడు. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానుకు చిక్కి, పగిలి, తీరానికి కొట్టుకొని వచ్చినపుడు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారని ఆ శాసనం తెలుపుతుంది. గణపతిదేవుడు ఆ పద్ధతిని విడిచిపెట్టి, నిర్ణీత సుంకం మినహా తక్కిన సరుకంతా వర్తకులకే వదలివేస్తున్నట్లు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యవ వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు వంటి సరుకులకు సుంకాల వివరాలు వేరుగా ఉన్నాయి.

ఈ శాసనాన్ని వాణిజ్యచరిత్రకు ఆధారంగా చరిత్రకారులు విరివిగా ఉపయోగించారు. న్యాయభావన దృష్టితో చూసినపుడు ఇందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, రాజు తీసుకోదగినదానికి ఒక హద్దును రాతిపై చెక్కించడం. సుంకాన్ని భిన్నాంకంలో చెప్పడం వల్ల రేవులోని అధికారి ఎంత అడగవచ్చునో వర్తకునికి ముందే తెలుస్తుంది. రెండవది, ఈ నిర్ణయానికి శాసనం చెప్పిన కారణం. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రయానపు అపాయానికి సిద్ధపడిన వారిపై కృపతోను, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ అభయం ఇస్తున్నట్లు శాసనం చెబుతుంది. సరుకు వర్తకునిదే కనుక తీసుకొనే అధికారం తనకు లేదని రాజు అనలేదు. ఇక్కడ న్యాయం దయారూపంలో వ్యక్తమయింది. రేవు వృద్ధి చెందితే ఖజానాకు కలిగే లాభం కూడా ఆ దయకు ప్రేరణ అయి ఉండవచ్చు.

3. శాస్త్రం చెప్పిన వరుస

గణపతిదేవుని కాలానికి దగ్గరలోనే, అదే 13వ శతాబ్దంలో, తిక్కన సమకాలికుడైన మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం' రచించాడు. తెలుగులో ఇది తొలి ధర్మశాస్త్రగ్రంథంగా ప్రసిద్ధి పొందింది. దీనికి మూలం కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన 'మితాక్షర' అనే వ్యాఖ్య. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అనే మూడు కాండలలో వ్యవహారకాండ న్యాయవిచారణకు సంబంధించినది. ఫిర్యాదు, దానికి సమాధానం, నిరూపణ, నిర్ణయం అనే నాలుగు దశలలో విచారణ సాగాలని, పత్రం, అనుభవం, సాక్షులు అనే మానుషప్రమాణాలు లేనపుడే దివ్యప్రమాణాలకు పోవాలని ఈ సంప్రదాయం నిర్దేశించింది. కవిపండితుల పరిధిని దాటి వివాదాలు తీర్చే పెద్దలకు కూడా అందగల భాషలోకి ఈ విషయం రావడం కేతన రచనకు ఉన్న సామాజిక ప్రయోజనం.

పోగొట్టుకున్న సొత్తు గురించి యాజ్ఞవల్క్యుని నిర్ణయం స్పష్టమైనది. పోయి దొరికిన ధనాన్ని రాజు సొంతదారునికి తిరిగి ఇవ్వాలి. అయితే అడిగినవాడు గుర్తులు చెప్పి అది తనదని నిరూపించాలి. నిరూపించలేకపోతే అంత విలువకు సమానమైన దండుగ కట్టాలి. దొంగలపాలైన సొత్తును సైతం రాజు ప్రజలకు ఇప్పించవలసినదే. ఈ సూత్రం ప్రకారం ఆలోచిస్తే ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సరుకు విషయంలో విచారించవలసింది దాని సొంతదారు ఎవరన్నదే. శాసనం దయగా ఇచ్చినదానిని స్మృతి నిరూపణకు లోబడిన హక్కుగా చూపింది.

4. అపుత్రికుని ధనం

కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరొక శాసనం వేయించాడు. అక్కడికి వచ్చే వర్తకుల సరుకును బలవంతంగా తీసుకోబోమని, వారు స్వేచ్ఛగా అమ్ముకోవచ్చునని చెబుతూ అపుత్రికదండాన్ని కూడా విడిచిపెడుతున్నట్లు ప్రకటించాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాని ఆస్తిని రాజు స్వాధీనం చేసుకోవడమే అపుత్రికదండం. వర్తకులకు మినహాయింపుగా దీనిని ప్రకటించవలసి వచ్చిందంటే అది ఆనాడు అమలులో ఉన్న పద్ధతేనని గ్రహించవచ్చు.

శాస్త్రంలో వారసత్వక్రమం ఇందుకు భిన్నంగా ఉంది. అపుత్రికుని ఆస్తికి యాజ్ఞవల్క్యుడు మొదట భార్యను, తరువాత కుమార్తెలను, తల్లిదండ్రులను, సోదరులను, వారి కుమారులను, గోత్రజులను, బంధువులను, శిష్యుని, చివరకు సహాధ్యాయిని వరుసగా చెప్పాడు. వీరెవరూ లేనపుడే రాజు వంతు వస్తుందని మితాక్షర వివరించింది. ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినవాని భార్యకే ఈ హక్కు వర్తిస్తుందని కూడా చెప్పింది. గ్రంథంలో అందరికంటె చివర నిలిచిన రాజు ఆచరణలో అందరికంటె ముందు వచ్చాడు. భర్తను కోల్పోయి దుఃఖంలో ఉన్న స్త్రీ రాజోద్యోగితో తగవు పడలేకపోవడమే ఈ అంతరానికి కారణమని భావించవచ్చు.

5. శాస్త్రం హద్దు

ఆచరణ కంటె శాస్త్రం ఉన్నతమని తేల్చివేయడం సరికాదు. నిందకు, దెబ్బకు విధించే దండనలలో వర్ణభేదాన్ని స్మృతులు పాటించాయి. ఆస్తిహక్కు జన్మతోనే సంక్రమిస్తుందనే సిద్ధాంతాన్ని మితాక్షర బలంగా ప్రతిపాదించినా పిత్రార్జితంలో ఆ హక్కు కుమారులకే పరిమితమయింది. అవివాహిత అయిన సోదరి వివాహం కోసం సోదరులు తమ భాగంలో నాలుగవ వంతు ఇవ్వాలన్న నియమం ఉన్నా కూతురు సమాన భాగస్థురాలు కాలేదు.

1810లో కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదం వెలువడిన తరువాత వలసపాలన న్యాయస్థానాలలో మితాక్షర ప్రాధాన్యం మరింత పెరిగింది. 1937 నాటి చట్టం వితంతువులకు పరిమితమైన హక్కునిచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీలకు సంపూర్ణ యాజమాన్యం కల్పించింది. వారసులెవరూ లేనపుడే ఆస్తి ప్రభుత్వానికి చెందుతుందని నిర్దేశించింది. అయినా ఉమ్మడి ఆస్తిలో కూతురికి జన్మహక్కు రాలేదు. ఆ లోటును 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం పూరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించిన ఈ సవరణ కుమార్తెను కుమారునితో సమానంగా జన్మతోనే భాగస్థురాలిని చేసింది. అంతకుముందే వివాహమైన వారికి మాత్రం ఇది వర్తించలేదు. 2005లో కేంద్రచట్టం ఆ పరిమితి లేకుండా దేశమంతటికీ ఈ హక్కును విస్తరించింది. మితాక్షర చెప్పిన జన్మహక్కును నిరాకరించకుండా, దానిలో చోటులేని వ్యక్తిని చేర్చడం ఈ సవరణల ప్రత్యేకత.

6. ముగింపు

గణపతిదేవుని అభయం, అనపోతారెడ్డి మినహాయింపు పాలకుని ధర్మబుద్ధికి నిదర్శనాలు. కాని దయగా ఇచ్చినదానిని మరొక పాలకుడు తీసివేయవచ్చు. గణపతిదేవుని తరువాత శతాబ్దం గడిచేసరికి సరుకును బలవంతంగా తీసుకోబోమని అదే రేవులో మళ్లీ హామీ ఇవ్వవలసి రావడం దీనిని సూచిస్తుంది. పొందినవారు అడగగలిగినపుడు, నిరూపించగలిగినపుడు మాత్రమే అది హక్కుగా నిలుస్తుంది. నేటికీ పుట్టింటి ఆస్తిలో పాలు అడిగిన ఆడపడుచును 'తగవుకు వచ్చింది' అని నిందించే కుటుంబాలు ఉన్నాయి. అన్నదమ్ములు ప్రేమతో పెట్టే చీరసారెలను మెచ్చుకొనే సమాజం ఆమె చట్టప్రకారం కోరే వాటాను స్వార్థంగా చూస్తోంది. మోటుపల్లిలో రాజుకు, వర్తకునికి మధ్య కనిపించిన దయ, హక్కుల భేదం ఈ ఇళ్లలో ఇంకా కొనసాగుతూనే ఉంది. తగవు అనే మాటకు గల పాత అర్థాన్ని గుర్తుచేసుకుంటే, ఆమె అడుగుతున్నది తనకు తగినదేనని అర్థమవుతుంది.