మోటారు బండి వెనుక ఇరుసు – దాని పుట్టుక, మార్పులు

కొన్ని ఏండ్ల క్రిందట ఒక వానకాలపు సాయంకాలమున, దివిసీమలోని ఒక పల్లెనుండి తిరిగి వచ్చుచుండగా, మా పాత అంబాసిడరు కారు రేగడి బురదలో దిగబడెను. ఎడమవైపు వెనుక చక్రము మాత్రమే బురదలో నున్నది. కుడివైపు చక్రము గట్టి కంకరమీద నిలిచియున్నది. డ్రైవరు ఇంజనును ఎంత పరుగెత్తించినను బురదలోని చక్రము గిరగిర తిరిగి మా బట్టలమీద బురద చిమ్మినదే కాని, గట్టినేలమీది చక్రము అంగుళమైనను కదలలేదు. గోనెపట్టాలు, కొబ్బరిమట్టలు చక్రము క్రింద త్రొక్కి, నలుగురు రైతుల భుజబలముతో ఎట్లో గట్టెక్కితిమి. వారిలో ఒక పెద్దాయన, "బలమంతా పనికిరాని చక్రానికే పోతోందేమిటండీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు అప్పుడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత విచారించి చూడగా, ఆ సమాధానమునకు దాదాపు రెండు వందల ఏండ్ల చరిత్ర కలదని తెలియవచ్చెను.

మన ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. బండి ఇరుసు కదలదు. దాని రెండు కొనలయందు చక్రములు దేని దారిన అవి తిరుగును. బండిని లాగునది కాడిక్రింది ఎడ్లు. చక్రములు వెంట దొర్లుటయే కాని త్రోయుట లేదు. కనుక కందెన వేసి, శీల బిగించినచో సరిపోవును. మోటారు బండి విషయము వేరు. అందు ఇరుసే తిరిగి, చక్రములచే నేలను తన్నించి, బండిని ముందునకు నడుపవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో తిన్నని బాటమీద బాధ లేదు. మలుపు వచ్చినప్పుడే కష్టము. రెండు చక్రముల నడుమ దూరము నాలుగున్నర అడుగులనుకొందము. వీధి మూలలో బండి లంబకోణముగా మలుపు తిరిగినచో, వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె సుమారు 7 అడుగులు ఎక్కువ దూరము నడువవలెను. ఒకే కడ్డీకి బిగించిన చక్రములు ఈ తేడాను ఎట్లు సర్దుకొనును? ఏదో ఒక చక్రము నేలమీద ఈడ్చుకొనిపోవలసినదే. టైరు అరుగును, ఇరుసు మెలిపడును, బండి మలుపు తిరుగుటకు మొరాయించును.

ఈ చిక్కును విప్పిన వారిలో మొదట చెప్పుకొనదగినవాడు ఫ్రాన్సు దేశీయుడు ఒనెసిఫోర్ పెకూర్. 1828లో ఆయన ఆవిరిబండి కొరకు ఒక పళ్ళ చక్రముల అమరికకు పేటెంటు పొందెను. అదే నేటి డిఫరెన్షియలుకు మూలము. అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట, ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జేమ్స్ స్టార్లీ అను యంత్రకారుడు 1877లో త్రొక్కుడుబండికి ఇట్టి అమరికనే కూర్చెను. తండ్రియు కుమారుడును ప్రక్కప్రక్కన కూర్చుండి త్రొక్కు బండిలో కుమారుని బలము ఎక్కువై బండి ఒక ప్రక్కకు లాగివేయగా, ఆయనకు ఈ ఆలోచన తట్టినదని చెప్పుదురు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల మోటారు బండిలోను డిఫరెన్షియలు చోటు చేసికొనెను. అది మొదలు అది మోటారు బండికి విడదీయరాని అంగమైనది.

ఇది పనిచేయు తీరు కష్టమైనది కాదు. ఇంజనునుండి వచ్చు పొడవైన షాఫ్టు చివర పినియన్ అను చిన్న పళ్ళ చక్రము, దానితో కలిసిన క్రౌన్‌వీలు అను పెద్ద పళ్ళ చక్రము ఉండును. క్రౌన్‌వీలుకు బిగించిన గూటిలో మరి కొన్ని చిన్న పళ్ళ చక్రములు రెండువైపుల సగపు ఇరుసులను కలుపుచుండును. ఈ నడిమి చక్రము మన కాడివంటిది. కాడిని నడుమ పట్టి లాగినచో రెండు ఎడ్లకును సమభాగమే పడును. ఒక ఎద్దు రవంత ముందునకు నడచినను, రెండవది రవంత వెనుకబడినను కాడి ఒరిగి సర్దుకొనును. కాని ఒక ఎద్దు కాళ్ళు జారి బలము పెట్టలేనిచో, రెండవ ఎద్దు బలము కూడ అక్కరకు రాదు. కాడి గిరుక్కున తిరిగిపోవును. డిఫరెన్షియలు గుణమును ఇదే, దోషమును ఇదే. నాడు పల్లెటూరి పెద్దాయన అనుకొన్నట్లు బలమంతయు పనికిరాని చక్రమునకు పోలేదు. బురదలోని చక్రము ఎంత స్వల్పబలమును నిలుపుకొనగలదో, గట్టినేలమీది చక్రమునకు కూడ అంతే దక్కినది. తిరుగుడు మాత్రము జారిన చక్రమునకు దక్కినది.

ఈ లోపమును సవరించుటకు పెద్ద పెద్ద వారు పూనుకొనిరి. 1930 ప్రాంతపు దశాబ్దమున జర్మనీలో ఆటో యూనియన్ పందెపు కార్లు, మితిమీరిన బలముచే మలుపులలో ఒక చక్రమును వృథాగా త్రిప్పుచుండగా, జడ్.ఎఫ్. కంపెనీవారు జారుడును అదుపులో పెట్టు డిఫరెన్షియలును సమకూర్చిరి. 1956లో అమెరికాలో ప్యాకార్డు కంపెనీ ఇట్టిదానిని సామాన్యులు కొను కార్లలో ప్రవేశపెట్టెను. 1958లో అమెరికా దేశీయుడు వెర్నన్ గ్లీజ్‌మన్ మరచుట్ల పళ్ళతోనే ఆ పని సాధించు అమరికకు పేటెంటు పొందెను. మన డెల్టా రైతులకు మరియొక ఉపాయము చిరపరిచితము. దమ్ము చేయునప్పుడు ట్రాక్టరు ఒక చక్రము కూరుకొనిపోయినచో, డ్రైవరు ఒక పెడలు త్రొక్కి రెండు చక్రములను తాత్కాలికముగా ఒకటి చేయును. గట్టెక్కిన వెంటనే, మలుపు తిరుగకముందే, కాలు తీసివేయును. ఆ కాలు తీయుటలోనే వివేకమంతయు నున్నది.

ఇక మా కారు సంగతి. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ సిరీస్ మూసలో పుట్టి, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారై, 2014 మే మాసమున ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు వెనుక చక్రములచే నడచు బండి. 1983 చివర ముందు చక్రములచే నడచు మారుతి 800 వచ్చిన పిమ్మట మన యిండ్లలో వెనుక ఇరుసు మాట క్రమముగా మరుగునపడెను. అయినను పాతబండ్లను ప్రాణప్రదముగా చూచుకొనువారు నేటికిని ఉన్నారు. వారు చేయించు మార్పులు ముఖ్యముగా రెండు.

మొదటిది, లోపలి చిన్న చక్రములను వెల్డింగుతో అతికి, ఇరుసును ఒకే కడ్డీగా చేయుట. దివిసీమ అనుభవము తరువాత ఈ సలహా మాకును వచ్చెను. ఖర్చు స్వల్పము. మేము దాదాపు ఒప్పుకొంటిమి. అయితే విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు మా మాట విని నవ్వి, "వెల్డింగు పెడితే బురదలో బండి కదులుతుందండీ, కాదనను. తరువాత ఊళ్ళోకి రావాలి గదా! మలుపులు లేని ఊరు మీకు తెలుసునా?" అని అడిగెను. ట్రాక్టరు డ్రైవరు కాలు తీయగలడు. అతికిన ఇరుసునుండి తీయుటకు కాలేది? వాన తడిసిన మలుపులో వెనుకభాగము జారి బండి అదుపు తప్పవచ్చును. సగపు ఇరుసు విరుగవచ్చును. ఇంటిల్లిపాదియు ప్రయాణము చేయు బండికి ఇది తగదని అప్పుడు మాకు బోధపడెను.

రెండవది, క్రౌన్‌వీలు, పినియన్ జతను మార్చుట. 8 పళ్ళ పినియన్, 39 పళ్ళ క్రౌన్‌వీలు ఉన్నచో షాఫ్టు 4.875 చుట్లు తిరిగినప్పుడు చక్రము ఒక చుట్టు తిరుగును. దాని స్థానమున 10, 43 పళ్ళ జత వేసినచో నిష్పత్తి 4.3 అగును. ఇంజను అదే వేగమున తిరుగుచుండగా, పూర్వము గంటకు 60 కిలోమీటర్లు పోయిన బండి 68 కిలోమీటర్లు పోవును. బాటమీద ఇంజనుకు విశ్రాంతియే. ఎత్తు ఎక్కునప్పుడు మాత్రము బలము తగ్గును. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. స్పీడామీటరు తీగ గేరుబాక్సునుండి వచ్చు బండిలో, ముల్లు మాత్రము 60 మీదనే నిలుచును. దానిని సవరింపనిచో డ్రైవరు తన వేగము తానెరుగక పోవుచుండును.

ఈ రెండు పళ్ళ చక్రములును ఒకదానితో నొకటి ఒరసి జతగా తయారైనవి. ఒకటి మార్చి రెండవది ఉంచరాదు. పళ్ళకు రంగు పూసి, త్రిప్పి, రాపిడి గుర్తు పంటి నడుమ పడువరకు పలుచని షిమ్ములతో సరిచేయవలెను. వెంట్రుకవాసి తేడాకే ఇరుసు ఊళపెట్టును. ఇట్టి పళ్ళకు విధించిన హైపాయిడ్ ఆయిలే పోయవలెను.

తుదకు మేము ఏ మార్పును చేయింపలేదు. అరిగిన బేరింగులను, సీళ్ళను మార్పించి, క్రొత్త ఆయిలు పోయించితిమి. మరుసటి ఏడు దివిసీమకు మరల పోయినప్పుడు ఆ పెద్దాయనకు కాడి ఉపమానముతో సమాధానము చెప్పితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే తప్పు చక్రానిది కాదు, నేలదన్నమాట" అనెను. అప్పటినుండి వానకాలమున కారు వెనుక పెట్టెలో రెండు గోనెపట్టాలు ఉంచుకొనుచున్నాము.